టిబిలిసి: వేడినీటి ఊటల నగరం

జార్జియా రాజధాని టిబిలిసిలోని అబనోతుబాని పేటలో, గంధకపు వాసన అలముకున్న వేడినీటి స్నానశాలల ఇటుక గుమ్మటాల మధ్య ఈ సాయంత్రం చాలాసేపు నిలబడిపోయాను. జార్జియన్ భాషలో ‘టిబిలి’ అంటే వెచ్చనిది. 5వ శతాబ్దపు రాజు వఖ్తాంగ్ గోర్గసాలి వేటకు వచ్చినప్పుడు ఆయన డేగ, అది పట్టిన పక్షి వేడినీటి ఊటలో పడ్డాయని, అది చూసి ఆయన ఇక్కడ నగరం నిర్మించాలనుకున్నాడని ఐతిహ్యం. 1795లో ఇరాన్ పాలకుడు ఆగా మొహమ్మద్ ఖాన్ సేనలు నగరాన్ని తగలబెట్టాయి. పాతబస్తీలో నేడు మనసు దోచే చెక్క వసారాల ఇళ్లలో అధికభాగం ఆ తరువాత లేచినవే. నన్ను అన్నిటికన్నా కదిలించినది నారికల కోట దిగువన సున్నీలు, షియాలు కలిసి నమాజు చేసే మసీదు. అక్కడికి కొద్ది నడకదూరంలోనే ఆర్మేనియన్ చర్చి, యూదుల ప్రార్థనామందిరం ఉన్నాయి. రేపు ఉదయం మళ్లీ అటే వెళ్తాను.