రెండు ఈస్టర్లు

2024 మార్చి 31న నేను రొమేనియా రాజధాని బుకారెస్ట్‌లో ఒక బేకరీ నైట్ షిఫ్టులో ఉన్నాను. అమ్మ వీడియో కాల్ చేసింది. రాజమండ్రి దగ్గర మా ఊళ్లో ఈస్టర్ ఆరాధన సమాధుల దగ్గరే, తెల్లవారే వేళ మొదలవుతుంది. నాన్న సమాధి మీద బంతిపూలు, చుట్టూ కొవ్వొత్తులు. రెండు నిమిషాలు చూసి మళ్లీ పిండి మిషన్ దగ్గరికెళ్లాను.

రొమేనియన్లకు అప్పుడు ఇంకా ఉపవాస కాలం. దాన్ని ‘పోస్త్’ అంటారు. మాతో పనిచేసే ఆడవాళ్లు చాలామంది మాంసం, గుడ్లు, పాలు ముట్టరు. రోజంతా వెన్నతో పనిచేస్తూ ఒక్క ముక్క కూడా నోట్లో వేసుకోరు. వాళ్ల మీద నాకు గౌరవం పెరిగింది అక్కడే.

ఇక్కడి ఆర్థడాక్స్ చర్చి 1924లో కొత్త క్యాలెండర్‌కి మారింది కానీ, ఈస్టర్‌ని మాత్రం పాత లెక్కతోనే కడుతుంది. అందుకే క్రిస్మస్ మనలాగే డిసెంబర్ 25న. ఈస్టర్ మాత్రం ఆ ఏడు మే 5న వచ్చింది. గుర్తింపు ఉన్న ఇతర క్రైస్తవ శాఖలవాళ్లు తమ తేదీకే సెలవు తీసుకోవచ్చని ఇక్కడి కార్మిక చట్టంలో ఉంది. మేం లూథరన్లం, నేనూ అడిగి ఉండొచ్చు. ఆ సంగతి నాకెవరూ చెప్పలేదు. కొత్తగా వచ్చేవాళ్లు మొదటి నెలలోనే కనుక్కోండి.

ఏప్రిల్ చివరంతా ఓవర్‌టైమే. వాల్‌నట్లు, కోకో పెట్టి చుట్టే కొజొనాక్ అనే తీపి రొట్టె లేకుండా ఇక్కడ పండగ లేదు. చేతులు పీకేవి.

మే 4 రాత్రి మా షిఫ్ట్ పెద్దావిడ నన్ను తన చర్చికి తీసుకెళ్లింది. లోపల పట్టక మేం బయటే నిలబడ్డాం. అర్ధరాత్రి దీపాలన్నీ ఆర్పేశారు. ‘రండి, వెలుగు తీసుకోండి’ అని ఫాదర్ పిలిచారు. ఒక్క కొవ్వొత్తి నుంచి వీధి చివరిదాకా వెలుగు పాకింది. ఆవిడ ఎర్రరంగు వేసిన గుడ్డు నా చేతిలో పెట్టి, తన గుడ్డుతో కొడుతూ ‘హ్రిస్తోస్ అ ఇన్వియాత్’ అంది. క్రీస్తు లేచెను. జవాబు ఏమిటో నాకు చిన్నప్పటి నుంచీ తెలుసు, ఈ భాషలో పలకడమే రాదు. ‘అదెవరాత్ అ ఇన్వియాత్’ అని ఆవిడే నేర్పింది.

వెలుగు ఆరకుండా చెయ్యి అడ్డం పెట్టుకుని గదికి నడిచాను. అమ్మ లేచే వేళయ్యేదాకా ఆగి ఫోన్ చేశాను.

"అమ్మా, క్రీస్తు లేచెను."

"ఈస్టర్ ఎప్పుడో అయిపోయింది కదరా!" అని, ఒక్క క్షణం ఆగి, "నిజముగా లేచెను నాన్నా" అంది.