తల్లినే, కానీ నా సంతకం చెల్లదన్నారు

మా బాబుకు పద్దెనిమిదేళ్ళు నిండిన నెలలోనే మా అత్తగారు వాడి పేరున వేసిన ఫిక్స్‌డ్ డిపాజిట్ గడువు తీరింది. ఊళ్ళో తన వాటాకు వచ్చిన పొలం అమ్మి వేసిన డబ్బు అది. "వీడి మందులకైనా పనికొస్తుంది" అని చివరిదాకా అంటూ ఉండేది ఆవిడ. పత్రం పట్టుకుని బ్యాంకుకు వెళ్తే కౌంటరులో ఉన్నాయన పుట్టిన తేదీ చూసి, "అబ్బాయి మేజరయ్యాడు కదమ్మా, ఇక మీ సంతకం చెల్లదు. అతనే వచ్చి చేయాలి" అన్నారు.

మా వాడికి పుట్టుకతోనే సెరిబ్రల్ పాల్సీ. బుద్ధి ఎదుగుదల కూడా తక్కువే. నడవలేడు, కలం పట్టలేడు. పలికే మాటలు పదో పన్నెండో. ఈ సంగతంతా చెప్పినా, ఒకసారి తీసుకురమ్మన్నారు. తీసుకువెళ్ళాను. ముందు ఆరు మెట్లున్నాయి, చక్రాల కుర్చీ వెళ్ళే దారి లేదు. ఆటో అతను, వాచ్‌మన్ కలిసి కుర్చీతో సహా ఎత్తి లోపల దించారు.

వేలిముద్ర వేయిద్దామని స్టాంపు ప్యాడ్ మీద బొటనవేలు ఆనించాను. ఆ తడి, ఆ చల్లదనం వాడికి నచ్చాయి. కిలకిలా నవ్వుతూ అరచేయి మొత్తం ప్యాడ్‌కు అద్దేశాడు. ఆ చేత్తోనే నా చెంప నిమిరాడు. మేనేజరు లేచి వచ్చి చాలాసేపు చూశారు. "ఎందుకు వేస్తున్నాడో తెలియకుండా వేయించుకున్న ముద్ర చెల్లదమ్మా. కోర్టు నుంచి గార్డియన్ ఆర్డరు తెచ్చుకోండి" అన్నారు. ఆయన మొదటి మాట న్యాయమైనదే. రెండో మాట తప్పని తెలుసుకోవడానికి నాకు నెల పట్టింది. ఆ నెలలో మేము కలిసిన వకీలు చెప్పిన ఫీజు డిపాజిట్‌లో నాలుగో వంతు ఉంది.

దారి చూపింది ఒక బెంచీ. సికింద్రాబాద్ మనోవికాస్ నగర్‌లో, బుద్ధి ఎదుగుదల లోపించిన పిల్లల కోసం నడిచే కేంద్ర ప్రభుత్వ సంస్థ ఉంది. ఇప్పుడు దాన్ని ఎన్‌ఐఈపీఐడీ అంటున్నారు, మాలాంటి పాతవాళ్ళం ఇప్పటికీ ఎన్‌ఐఎంహెచ్ అనే అంటాం. పిల్లలు లోపల థెరపీలో ఉన్నంతసేపూ తల్లులం బయట కూర్చుంటాం. ఎవరి టిఫిన్ డబ్బాలో ఏముందో, ఎవరి పిల్లకు కొత్తగా ఏ మందు రాశారో అందరికీ తెలుస్తుంది. నా మాట విని, కరీంనగర్ వైపు నుంచి వచ్చే ఒకావిడ అంది: "కోర్టు ఎందుకక్కా? కలెక్టరుకు పెట్టుకోండి. మా అమ్మాయికి మూడేళ్ళ కిందటే తీసుకున్నాం."

1999లో వచ్చిన నేషనల్ ట్రస్ట్ చట్టం గురించి ఆవిడ నాకు ఆ బెంచీ మీదే చెప్పింది. ఆటిజం, సెరిబ్రల్ పాల్సీ, బుద్ధిమాంద్యం, బహుళ వైకల్యం ఉన్నవారికి అది వర్తిస్తుంది. బిడ్డకు పద్దెనిమిదేళ్ళు దాటితే కన్న తల్లిదండ్రులైనా సరే చట్టం దృష్టిలో సంరక్షకులు కారు. మళ్ళీ నియమించుకోవాలి. ఆ నియామకం చేసేది జిల్లా స్థాయిలో ఉండే కమిటీ. అందులో కలెక్టరు, ఈ రంగంలో పనిచేసే నమోదైన సంస్థ ప్రతినిధి, వైకల్యం ఉన్న ఒక వ్యక్తి ఉంటారు. వకీలు అక్కరలేదు. పద్దెనిమిదేళ్ళు ఆసుపత్రుల చుట్టూ తిరిగాను. ఈ ఒక్క మాట ఏ డాక్టరూ, ఏ కార్యాలయమూ నాకు చెప్పలేదు. ఇది తలచుకుంటే ఇప్పటికీ కోపం వస్తుంది.

కాగితాల దగ్గర మొదటి దెబ్బ సదరం, అంటే వైకల్యం ఎంతుందో తేల్చి ఇచ్చే ధ్రువపత్రం. చిన్నప్పుడు ఇచ్చింది తాత్కాలికం, దాని గడువు ఎప్పుడో దాటిపోయింది. నేను చూసుకోలేదు. మీ సేవలో మళ్ళీ స్లాటు తీసుకుని, శిబిరం రోజు దాకా ఆగి, తెల్లవారకముందే బయలుదేరి వెళ్ళాం. పిల్లవాడికి పొద్దున్నే ఫిట్స్ మందు వేయాలి, వేస్తే మగతగా ఉంటాడు, మగతలో పరీక్ష సరిగా జరగదు. ఈ లెక్కలన్నీ వేసుకుని వెళ్ళినా మధ్యాహ్నం మూడయింది. ఈసారి శాశ్వతమని రాసిచ్చారు. మిగిలినవి పెద్ద కష్టం కాలేదు: పుట్టిన తేదీ పత్రం, ముగ్గురి ఆధార్, ఫొటోలు, నేనూ మావారూ కలిసి పెట్టుకున్న దరఖాస్తు.

కొన్ని వారాలకు ఇంటికి విచారణకు వచ్చారు. వాడు ఎక్కడ పడుకుంటాడు, ఎవరు స్నానం చేయిస్తారు, అన్నీ అడిగారు. తర్వాత కమిటీ ముందుకు పిలిచారు. ఎన్నో ప్రశ్నలకు సిద్ధపడి వెళ్ళాను. ఒక అధికారిణి మాత్రం కాగితాలు మూసి, మెల్లగా, "మీ ఇద్దరి తర్వాత ఎవరమ్మా?" అని అడిగారు.

రాత్రిళ్ళు నేను నన్ను అడుగుకునే ప్రశ్నే అది. బయట ఒకరి నోటి నుంచి వినడం అదే మొదటిసారి. మా అమ్మాయి పక్కనే నిలబడి ఉంది, డిగ్రీ రెండో ఏడు. దానితో ఈ మాట నేను ఎప్పుడూ ఎత్తలేదు. తమ్ముడి భారం దాని పెళ్ళికీ చదువుకూ అడ్డం రాకూడదని కావాలనే ఎత్తలేదు. అది తనంతట తానే, "నేనున్నాను మేడమ్" అంది. ఆమె తల అడ్డంగా ఊపి, "ఇప్పుడే మాట ఇవ్వనక్కర లేదు తల్లీ. ముందు చదువుకో. అప్పుడు నీకు ఇష్టమైతే నువ్వు, లేదంటే ఇంకొకరు దరఖాస్తు పెట్టుకోవచ్చు" అన్నారు. మా అమ్మాయి భుజాలు దిగడం నేను చూశాను. అది ఎంత బరువు మోస్తోందో అప్పటిదాకా నాకు తెలియదు.

మొదలుపెట్టిన ఏడో నెలలో గార్డియన్ సర్టిఫికెట్ చేతికొచ్చింది. ఈ కమిటీ ఇచ్చిన సర్టిఫికెట్లను బ్యాంకులు అంగీకరించాలని రిజర్వు బ్యాంకు 2007లోనే చెప్పింది. బెంచీ మీది తల్లులు ఆ ఉత్తర్వు నకలు కూడా ఇచ్చి పంపారు. మేనేజరు చదివి, పై కార్యాలయానికి రాసి, రెండు వారాల్లో ఖాతా సరిచేయించారు. సర్టిఫికెట్‌తో బాధ్యతా వస్తుంది: ఆరు నెలల్లోపు బిడ్డ ఆస్తి వివరాలు సమర్పించాలి, ఏటా ఆర్థిక సంవత్సరం ముగిసిన మూడు నెలల్లో లెక్క చూపాలి. అది సబబే. వాడి డబ్బు వాడికే ఖర్చవుతోందని ఎవరో ఒకరు చూడాలి.

మీ ఇంట్లోనూ ఇలాంటి బిడ్డ ఉంటే పదిహేడో ఏడు రాగానే వైకల్య ధ్రువపత్రం గడువు చూసుకోండి. ఆ చట్టం కింద ఏర్పడిన నేషనల్ ట్రస్ట్ నడిపే నిరామయ ఆరోగ్య బీమాలో చేర్పించండి. ఏడాదికి లక్ష రూపాయల దాకా వస్తుంది, థెరపీ ఖర్చులకూ వర్తిస్తుంది, ముందస్తు వైద్య పరీక్షలు ఉండవు. మాకు నెలనెలా చేతికందేది 4,016 రూపాయల ఆసరా పింఛను ఒక్కటే. వాడికి తోడుగా ఉండడానికి నేను కుట్టుపని మానేసి పదేళ్ళయింది. ఆ నష్టాన్ని ఏ దరఖాస్తులోనూ అడగరు.

నా సంగతీ చెప్పాలి. వాడిప్పుడు యాభై ఎనిమిది కిలోలు. ఎత్తి ఎత్తి నా నడుము పోయింది. ఫిజియోథెరపిస్టు నాకు చెప్పిన పద్ధతి ఇది: చేతులతో లాగకూడదు, దుప్పటి మడతపెట్టి వాడి కిందికి జరిపి, మోకాళ్ళు వంచి, వాడిని ఒంటికి దగ్గరగా పట్టుకుని లేపాలి. ఈ పాఠం పదేళ్ళ ముందు అందవలసింది. నిద్ర పట్టక ఏడుస్తున్న ఒక రాత్రి 14416కు ఫోను చేశాను. మనసు బాగోలేనివాళ్ళ కోసం ప్రభుత్వం నడిపే ఫోను సేవ అది, టెలీ మానస్ అంటారు, పైసా ఖర్చు లేదు, తెలుగులోనే మాట్లాడారు. బాబు గురించి చెప్పబోతే ఆపి, "మీరు అన్నం తిన్నారా?" అని అడిగింది అవతలి అమ్మాయి.

ఇప్పుడొక నోటుపుస్తకం రాస్తున్నాను. కడుపునొప్పి వస్తే వాడు ఎడమ చెవి లాక్కుంటాడని, మాత్ర అరటిపండులో పెడితేనే మింగుతాడని, కరెంటు పోతే ముందు వాడి చేయి పట్టుకోవాలని. నిన్నటికి నలభై మూడు పేజీలయ్యాయి.