తెల్ల బూడిద నుంచి నల్ల బొగ్గు దాకా: నా అనుభవం

భీమవరంలో ఎమ్మెస్సీ చివరి ఏడాది. ఊకనీ, బీరు కాచాక మిగిలే బార్లీ పిప్పినీ బొగ్గు చేసి, దాంతో మురుగు నీటి రంగు తీయాలన్నది నా ప్రాజెక్టు.

ఊకకు మా వైపు కరువు లేదు. ధాన్యం బరువులో దాదాపు ఐదో వంతు అదే. రైస్ మిల్లులో అడిగితే "ఎన్ని బస్తాలు కావాలమ్మా?" అన్నారు. పిప్పిని మాత్రం గేదెల దాణాకి తెప్పించుకునే బాబాయి దగ్గర బతిమాలి తెచ్చుకున్నాను. అందులో నూటికి 75 పాళ్లకు పైగా నీరే. ఒక్క రాత్రి సంచి మూతి కట్టి ఉంచితే తెల్లారేసరికి పులిసి కంపు కొట్టింది. రెండోసారి తేగానే డాబా మీద పలచగా ఆరబోశాను.

ముందు ఉత్త ఊకతో ట్రయల్ వేశాను. మూసకు, అంటే ఊకను పెట్టి కాల్చే గిన్నెకు, మూత సరిగ్గా బిగించలేదు. 500 డిగ్రీల్లో గంట ఉంచి తీస్తే లోపల తెల్లటి బూడిద! ప్రతి పొట్టూ చిన్న పడవలా ఆకారం చెక్కుచెదరకుండా ఉంది, వేలు తగిలితే పొడైపోతోంది. మిగిలింది సిలికా, అంటే ఇసుకలో ఉండే పదార్థమే. రంగును పట్టుకోవాల్సిన కార్బన్ గాలి తగిలి కాలిపోయింది. ఆ రోజు ఏడుపొచ్చింది.

తర్వాత ఊకనీ పిప్పినీ విడివిడిగా ఫాస్ఫారిక్ ఆమ్లంలో నానబెట్టి, ఆరబెట్టి, మూత చుట్టూ బంకమట్టి మెత్తి కాల్చాను. ఈసారి నల్లటి బొగ్గు దిగింది. ఇక కడగడం. పీహెచ్ కాగితం 7 చూపించేదాకా, అంటే ఆమ్లం పూర్తిగా పోయేదాకా, కడుగుతూనే ఉన్నాను. ఎవరైనా ఈ పని మొదలుపెడితే నా మాట ఒక్కటే: కడగడానికి బోలెడు టైమ్ పెట్టుకోండి. ఆమ్లం మిగిలితే మిథిలిన్ బ్లూ (పరీక్షకు నీళ్లలో కలిపే నీలం రంగు) బొగ్గుకు సరిగ్గా అంటదు.

పరీక్ష రోజు మరో టెన్షన్. నీళ్లలో నీలం కంటికి కనబడట్లేదు, నీళ్లలోంచి వెలుతురు ఎంత దాటి వస్తుందో చూసి రంగు కొలిచే కలరీమీటర్ మాత్రం రంగు ఉందంటోంది. గాజు గొట్టాన్ని వెలుతురుకి ఎత్తి చూస్తే సన్నటి నల్ల నలుసు తేలుతోంది, వడపోత కాగితాన్ని దాటొచ్చేసింది. నలుసు అడుక్కి దిగేలా సెంట్రిఫ్యూజ్‌ యంత్రంలో గిర్రున తిప్పి మళ్లీ చూస్తే రీడింగ్ దాదాపు సున్నా. ఊక బొగ్గుకీ, పిప్పి బొగ్గుకీ కూడా!

వైవాలో "ఆ రంగు పట్టిన బొగ్గును ఏం చేస్తావు?" అని అడిగారు. కాలువలో పారబోస్తే చేసిందంతా వృథాయే కదా. అందుకే ఇప్పుడు వాడిన బొగ్గును పలచటి ఆమ్లంతో కడిగి చూస్తున్నాను. నిన్న మొదటి కడుగులోనే నీలం దిగింది.