గుడి ఇచ్చిన సర్టిఫికెట్

జపాన్‌లో హకాటా స్టేషన్లో రిలే కమోమె రైలెక్కి, తకెఓ ఒన్సెన్‌లో ఎదుటి ప్లాట్‌ఫామ్ మీదున్న బుల్లెట్ రైలు షింకన్‌సెన్‌లోకి మారేసరికే విసుగొచ్చింది. టికెట్ ధర రూపాయల్లో లెక్కేసుకున్నాక ఇంకా విసుగు. ఫుకువోకాలో ఐదు రోజుల ఆఫీసు పని గురించి రాయడానికేమీ లేదు. మిగిలిన ఒక్క ఆదివారం నాగసాకికి పెట్టుకున్నాను.

స్టేషన్ దగ్గరే నిషిజకా గుట్ట. 1597 ఫిబ్రవరి 5న అప్పటి జపాన్ పాలకుడు హిదెయోషి ఆజ్ఞతో ఇరవై ఆరుగురు క్రైస్తవులను సిలువలెక్కించింది ఇక్కడే. క్యోటోలో ఎడమ చెవులు కోసి, చలికాలంలో ఇక్కడిదాకా నడిపించారు. గోడ మీద ఇరవై ఆరు కంచు విగ్రహాలు వరసగా ఉంటాయి. సన్న వాన. గొడుగు పట్టుకుని చూస్తుంటే ఒక పెద్దాయన దగ్గరికొచ్చి నా ముఖంలోకి చూసి, "ఇందో?" అన్నాడు, ఇండియానా అని. తలూపాను. అంతే, నా మోచెయ్యి పట్టుకుని ఆ వరసలో ఒక విగ్రహం ముందుకు తీసుకెళ్ళి, విగ్రహాన్నీ నన్నూ మార్చి మార్చి చూపిస్తూ, "ఇందో! ఇందో!" అని ఒకటే సంబరం.

ఫోన్ అనువాదంతో సంగతి అర్థమైంది. ఆ విగ్రహం గొన్సాలో గార్సియాది. ముంబై దాటాక విరార్ లోకల్ ఆగుతుందే, ఆ వసయిలో పుట్టినవాడు. తండ్రి పోర్చుగీసు, తల్లి మన దేశపు మనిషి. 1862లో పునీతుడిగా ప్రకటించారు. మాది తరాలుగా ఆర్‌సీఎం, అంటే రోమన్ కాథలిక్కులం, పదేళ్ళు సత్యోపదేశం చదివాను, ఈ పేరు ఒక్కసారి వినలేదు. పెద్దాయన నాకు వంగి నమస్కారం పెట్టాడు, ఆ పునీతుడు మా మేనమామ అయినట్టు. సిగ్గేసింది. ఎందుకో తర్వాత చెబుతాను.

వెనక మ్యూజియం, 500 యెన్లు. అక్కడ నన్ను ఆపేసింది విశ్వాసం కోసం ప్రాణాలిచ్చిన వేదసాక్షుల వస్తువులు కాదు, తెల్ల పింగాణీ బొమ్మ. చూడ్డానికి బౌద్ధుల కన్నోన్ దేవత, ఒళ్ళో బిడ్డ. మనవాళ్ళెవరైనా చూస్తే యశోదాకృష్ణులంటారు. దాని ముందు రహస్య క్రైస్తవులు మరియమ్మకు జపం చెప్పుకునేవారట. 1614లో దేశమంతటా నిషేధం వచ్చాక ఫాదర్లు లేరు, పూజ లేదు. నాగసాకిలో ఏటా కొత్త సంవత్సరం రోజుల్లో ప్రతివాడూ క్రీస్తు బొమ్మో మరియమ్మ బొమ్మో కాలితో తొక్కాలి. తొక్కేవారు. ఇంటికొచ్చి మనస్తాప జపం చెప్పుకునేవారు. మళ్ళీ ఏడాది మళ్ళీ. అలా ఏడు తరాలు.

ఆ పక్కనే ఇంకో మాట చదివి కాసేపు అక్కడే నిలబడిపోయాను. ప్రతి కుటుంబమూ ఒక బౌద్ధ గుడిలో పేరు రాయించుకోవాలి. 'వీళ్ళు క్రైస్తవులు కారు' అని గుడి రాసివ్వాలి.

మా ఇంట్లోనూ అలాంటి కాయితం ఉంది. జ్ఞానస్నానంలో నా పేరు అంతోని. బడి రిజిస్టర్లో వెంకటేశ్వర్లు, మతం హిందూ. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ఎస్సీ హోదాను హిందువులకే ఇచ్చింది. 1956లో సిక్కులనూ 1990లో బౌద్ధులనూ చేర్చారు. మాలాంటి ఎస్సీలు చర్చి గడప తొక్కితే ఆంధ్రలో బీసీ-సీ, ఒక్క శాతం రిజర్వేషన్. అంటరానితనం మాత్రం ఒక్క శాతం కూడా తగ్గదు. నాన్నకి ఉద్యోగం ఆ కాయితంతోనే వచ్చింది, నాకు ఇంజినీరింగ్ సీటూ. "దేవుడు సర్టిఫికెట్ చూడడు రా" అనేవాడు నాన్న. నానమ్మ మాత్రం చనిపోయేదాకా దాని గురించి ఆయనతో సరిగ్గా మాట్లాడలేదు. తెల్లచీర కట్టుకుని, అందరూ చూసేలా బజారు మధ్యనుంచే చర్చికి నడిచేది. ఆఫీసులో నా ఫ్లోర్ మీద నేను క్రైస్తవుణ్ణని తెలిసినవాళ్ళు ఇద్దరే. పెద్దాయన నమస్కారానికి సిగ్గేసింది అందుకే.

ట్రామ్ మారి ఓఉరా చర్చికి వెళ్ళాను. చర్చిలోకి వెయ్యి యెన్ల టికెట్! పైగా ఫోటోలు తియ్యకూడదు. ఆ చిరాకుతోనే లోపల కూర్చున్నాను. 1865 మార్చి 17న నాగసాకి శివారు ఉరకామి నుంచి వచ్చిన కొందరు రైతులు ఇదే చర్చిలో పెతిజాన్ అనే ఫ్రెంచి ఫాదర్ దగ్గరికెళ్ళారు. ఒకామె చిన్నగొంతుతో, "మా గుండె, మీ గుండె ఒకటే. శాంతా మారియా బొమ్మ ఎక్కడ?" అని అడిగింది. ఆ బొమ్మ ఇప్పటికీ అక్కడే ఉంది, కొంచెం చిన్నదే. రెండున్నర వందల ఏళ్ళు దాక్కున్నవాళ్ళు ఆ తర్వాత దాక్కోవడం మానేశారు. మా శవాలకు బౌద్ధ సన్యాసి అక్కర్లేదన్నారు. మూడు వేలమందికి పైగా ఉరకామివాళ్ళను ఊరి నుంచి వెళ్ళగొట్టి దూర ప్రాంతాలకు పంపేశారు. ఆరు వందలమందికి పైగా తిరిగి రాలేదు. 1873లో నిషేధం ఎత్తేశారు.

చివరగా ఉరకామి. ఇప్పుడున్నది 1959లో మళ్ళీ కట్టిన చర్చి, పాతది బాంబుకు పోయింది. చీకటి పడుతుండగా నాన్నకి ఫోన్ చేసి ఈ కథంతా చెప్పాను. ఆయన మధ్యలో ఆపలేదు, అదే వింత.

"ఊరొచ్చాక ఏం చేశారు రా వాళ్ళు?"

"ఊరి పెద్ద ఇంటి స్థలం కొన్నారు నాన్నా. ఏటా బొమ్మ తొక్కించింది ఆ ఇంట్లోనే. చర్చి అక్కడే కట్టుకున్నారు."

"తొక్కించిన చోటేనా?"

"అక్కడే. ఇప్పుడు నేనున్నది అక్కడే."

చాలాసేపు మాట్లాడలేదు. లైన్ కట్టయిందేమో అనుకున్నాను.

"ఒక ఫోటో తీసి పంపు" అన్నాడు. "గోపురాలు కాదు. కింద నేల."

వాన నీళ్ళలో నా బూట్లు కూడా పడ్డాయి ఫోటోలో. మళ్ళీ తీద్దామనుకుని, ఊరుకుని, అదే పంపాను.