పారా క్రీడల వార్తలపై డిసర్టేషన్: నా అనుభవం

జర్నలిజం పీజీ చివరి సెమిస్టర్‌లో డిసర్టేషన్ కోసం నేను తీసుకున్న అంశం ఇది: 2024 పారిస్ పారాలింపిక్స్ గురించి తెలుగు, బ్రిటన్, ఫ్రాన్స్ పత్రికలు ఎలా రాశాయి? ఇలాంటి పని మొదలుపెట్టేవాళ్లకు పనికొస్తుందని రాస్తున్నాను.

అన్నిటికన్నా కష్టం పేపర్లు సేకరించడమే. విదేశీ పత్రికలు యూనివర్సిటీ లైబ్రరీ డేటాబేస్‌లో దొరికాయి, పేరు టైప్ చేస్తే కథనాలు వచ్చేస్తాయి. మన ఈ-పేపర్లు అలా కాదు. పేజీ మొత్తం ఒక ఫోటోలా ఉంటుంది, అందులో పదం పెట్టి వెతకలేం. తేదీ తర్వాత తేదీ, పేజీ తర్వాత పేజీ తిప్పాల్సిందే. పైగా మెయిన్ వేరు, జిల్లా ఎడిషన్ వేరు. కల్లెడ అమ్మాయి, పారా రన్నర్ జీవంజి దీప్తి పతకం గెలిస్తే వరంగల్ జిల్లా పేజీల్లో వచ్చినంత వార్త కర్నూలు పాఠకుడికి కనపడదు. రెండూ కలిపి లెక్కేస్తే తెలుగు పత్రికలు చాలా రాసినట్టు తేలుతుంది. అందుకే జిల్లా పేజీలను విడిగా ఉంచాను. ఫ్రెంచ్ నాకు రాదు కాబట్టి మెషీన్ అనువాదం చదివి, ఆ భాష చదువుతున్న సీనియర్ అక్క చేత సరిచూపించుకున్నాను.

ఆ తర్వాత కోడింగ్, అంటే కథనాల్లో ఏముందో వర్గాలుగా గుర్తించడం. ఒక్కో కథనం ఏ పేజీలో వచ్చింది, ఫోటోలో క్రీడాకారిణి పోటీలో ఉందా లేక ఇంట్లో అమ్మ పక్కన ఉందా, మొదటి వాక్యం దేని గురించి, ఇవన్నీ షీట్‌లో నింపాలి. అవే కథనాలను నా క్లాస్‌మేట్ కూడా విడిగా నింపాలని గైడ్ మేడమ్ షరతు పెట్టారు. ఇద్దరికీ తేడా వచ్చిందంతా ఒకే చోట: ఇది క్రీడా వార్తా, లేక జాలి కథా? చాలా వాదించుకున్నాక ఒక నియమం పెట్టుకున్నాం. టైమ్ లేదా దూరం, ప్రత్యర్థి పేరు, పోటీ ఏ వర్గానిదో (ఏ రకం వైకల్యం ఉన్నవారిదో) వివరణ, ఈ మూడింటిలో కనీసం రెండు ఉంటేనే క్రీడా వార్త.

ఆ నియమంతో దీప్తి కథనాలు చదువుతుంటే బాధేసింది. తల్లిదండ్రుల కూలి పని, ఊళ్లో పడిన మాటలు ప్రతిచోటా ఉన్నాయి. అవి నిజాలే, రాయాల్సినవే. కానీ పరుగేది? ఆమె 2024 మేలో జపాన్‌లోని కోబేలో 55.07 సెకన్లతో 400 మీటర్ల టీ20 (మేధో వైకల్యం ఉన్నవారి వర్గం) ప్రపంచ రికార్డు పెట్టింది. పారిస్ హీట్స్‌లో (ఫైనల్‌కు ముందు రౌండ్‌లో) టర్కీ అమ్మాయి ఐసెల్ ఒండర్ దాన్ని 54.96కి తగ్గించింది. ఫైనల్లో ఉక్రెయిన్‌కు చెందిన యూలియా షూలియార్ 55.16తో స్వర్ణం, ఒండర్ 55.23తో రజతం, దీప్తి 55.82తో కాంస్యం. ముగ్గురి మధ్య సెకను తేడా కూడా లేదు! ఇంత గొప్ప పోటీని నేను చూసిన కథనాల్లో చాలావరకు ఒక్క వాక్యంలో దాటేశారు. ఆ రేసు మన టైమ్‌లో రాత్రి పొద్దుపోయాక జరిగింది, పేజీలు కట్టే హడావిడి నాకు తెలుసు. మరి తర్వాతి రోజుల్లోనైనా రాయొచ్చు కదా.

 ఈ టీ20 వర్గం వెనకున్న కథ జర్నలిజం విద్యార్థులు తప్పక తెలుసుకోవాలి. 2000 సిడ్నీలో స్వర్ణం గెలిచిన స్పెయిన్ బాస్కెట్‌బాల్ జట్టులో 12 మందిలో 10 మందికి అసలు వైకల్యమే లేదు. ఆ జట్టులో ఆడిన పాత్రికేయుడు కార్లోస్ రిబగోర్డానే దాన్ని బయటపెట్టాడు. ఆ మోసం వల్ల మేధో వైకల్యం ఉన్న క్రీడాకారులందరూ పారాలింపిక్స్‌కు దూరమయ్యారు, మళ్లీ 2012 లండన్‌లోనే అవకాశం వచ్చింది.

ఇక ఏ దేశం పత్రికైనా ముందు తన వాళ్లనే చూస్తుంది. 1996 అట్లాంటా క్రీడలపై ఫ్రెంచ్, జర్మన్ పత్రికలను పోల్చిన ఒట్టో షాంట్జ్, కీత్ గిల్బర్ట్‌ల అధ్యయనం నాకు దారి చూపింది. సొంత పతకాల మీదే ధ్యాస ఉండటం అప్పుడూ ఉంది.

వైవాలో ఎగ్జామినర్ అడిగారు, "జీవిత కథ రాయొద్దంటావా అమ్మా?" "రాయాలనే చెప్పాను సర్. దాని పక్కన ఫలితాల పట్టిక కూడా వేయమన్నాను" అని జవాబిచ్చాను. 2025లో ప్రపంచ పారా అథ్లెటిక్స్ పోటీలు మొదటిసారి ఢిల్లీలో జరిగాయి. ఆ కథనాలూ దాచుకున్నాను, అదే షీట్‌తో ఇప్పుడు నింపుతున్నాను.