మూడో పట్టా ఏ వైపు? – ఈస్ట్ బ్రాడ్ టాప్ నమూనా రైలు మార్గానికి ప్లాను గీసిన నా అనుభవం

నిన్న రాత్రి పదకొండు దాటాక నా నమూనా రైలు మార్గం ప్లాను పూర్తయింది. మొత్తం పద్నాలుగు నెలలు పట్టింది. అందులో పదకొండు నెలలు మౌంట్ యూనియన్ అనే ఒక్క యార్డు దగ్గరే గడిచిపోయాయి. ఆ పదకొండు నెలల్లో నేను పడిన అవస్థ మరొకరు పడకూడదని, విషయం మనసులో పచ్చిగా ఉండగానే రాస్తున్నాను.

నేను పెన్సిల్వేనియాలో హారిస్‌బర్గ్ దగ్గర ఉంటున్నాను. మా ఇంటి నుంచి కారులో గంటన్నర ప్రయాణం చేస్తే, జూనియాటా నది ఒడ్డున మౌంట్ యూనియన్ అనే చిన్న ఊరు వస్తుంది. ఫిలడెల్ఫియా నుంచి పిట్స్‌బర్గ్ వెళ్లే పెన్సిల్వేనియా రైల్‌రోడ్ వారి పెద్ద లైను ఆ ఊరి మీదుగానే పోయేది. అక్కడి నుంచి దక్షిణంగా, కొండల్లోని బొగ్గు గనుల దాకా 33 మైళ్లు నడిచిన చిన్న రైలు మార్గమే ఈస్ట్ బ్రాడ్ టాప్. ఈ కంపెనీ 1856లోనే ఏర్పడినా, పట్టాలు పడింది మాత్రం 1872-74 మధ్య. దాని గేజి, అంటే రెండు పట్టాల మధ్య దూరం, 3 అడుగులు. ఆర్బిసోనియా, త్రీ స్ప్రింగ్స్, సాల్టిల్లో వంటి పల్లెలను దాటి, సైడ్లింగ్ హిల్, రేస్ హిల్ అనే రెండు సొరంగాల గుండా రాబర్ట్స్‌డేల్ గనులకు చేరేది. బొగ్గుకు గిరాకీ పడిపోయి 1956 ఏప్రిల్‌లో ఆ లైను ఆగిపోయింది. నిక్ కోవాల్చిక్ అనే తుక్కు వ్యాపారి దాన్ని కొన్నారు. తుక్కు కోసం కొన్న మనిషి పట్టాలు పీకించకుండా ఉంచి, 1960లో ఆర్బిసోనియా ద్విశతాబ్ది ఉత్సవాలకు అదే రైలును మళ్లీ నడిపించారు. బాల్డ్‌విన్ కంపెనీ 1911 నుంచి 1920 వరకు చేసి ఇచ్చిన, మికాడో అనే రకం ఆవిరి ఇంజన్లు ఆరు ఇప్పటికీ రాక్‌హిల్ ఫర్నెస్‌లోని షెడ్డులోనే ఉన్నాయి. వాటిలో 16వ నంబరు 2023లో మళ్లీ ఆవిరి పోసుకుని పరుగెత్తింది. అమెరికాలో ఇంతకంటే పెద్ద రైలు కంపెనీలు ఎన్నో మాయమైపోయాయి. ఈ పల్లెటూరి లైను మాత్రం ఇంజన్లు, షెడ్డు, పనిముట్లతో సహా మిగిలింది. నాకు దాని మీద గౌరవం కలగడానికి అదే కారణం.

మరో కారణం కూడా ఉంది. మాది టెక్కలి దగ్గరి పల్లె. నౌపడ నుంచి గుణుపురం వెళ్లే రెండున్నర అడుగుల గేజి చిన్న రైలు, అంటే 1900లో పర్లాకిమిడి లైట్ రైల్వేగా మొదలైన రైలు, మా బాల్యంలో ఇంకా నడుస్తూనే ఉండేది. పాతపట్నంలో ఉన్న మా అత్తయ్య గారింటి నుంచి తిరిగి వచ్చేటప్పుడు నౌపడలో చిన్న రైలు దిగి, సంచులు మోసుకుంటూ పెద్ద రైలు ప్లాట్‌ఫారానికి నడవడం నాకు బాగా గుర్తుంది. గేజి మారే చోట మనిషైతే దిగి నడిచి వెళతాడు. సరుకు నడవదు. ఈ చిన్న సంగతి తెలిసి కూడా ప్లానులో నేను దాన్నే మరిచిపోయాను.

మొదటి మూడు నెలల పని తేలికగానే సాగింది. బేస్‌మెంటులో 24 అడుగుల పొడవు, 13 అడుగుల వెడల్పు గల గది దొరికింది. స్కేలు 1:87, అంటే అసలు కొలతలో 87వ వంతు, అనుకున్నాను. ఆ లెక్కన 33 మైళ్ల లైనును ఉన్నది ఉన్నట్టుగా వేయాలంటే దాదాపు 610 మీటర్ల పొడవు కావాలి కాబట్టి, మౌంట్ యూనియన్, రాక్‌హిల్ ఫర్నెస్, ఒక సొరంగం, రాబర్ట్స్‌డేల్ మాత్రం ఉంచుకుని మిగతావి వదిలేశాను. మికాడోలు ఇబ్బంది పడకుండా వంపుల వ్యాసార్ధం 24 అంగుళాలకు తగ్గనివ్వలేదు. రాబర్ట్స్‌డేల్‌లో ఈ రైలు అభిమానులు నడిపే మ్యూజియానికి వెళ్లి పాత ఫోటోలు చూశాను. ఈ పనుల్లో ఎవరికీ పెద్దగా కష్టం ఎదురుకాదు.

కష్టమంతా మౌంట్ యూనియన్‌లో ఉంది. అక్కడ ఒకే యార్డులో రెండు గేజిల బళ్లు తిరిగేవి. పెద్ద లైనుది అమెరికా స్టాండర్డ్ గేజి, 4 అడుగుల 8½ అంగుళాలు. చిన్న లైనుది 3 అడుగులు. రెండింటికీ వేరువేరు దారులు వేయకుండా, ఒక పక్క పట్టాను ఉమ్మడిగా ఉంచి, మధ్యలో మూడో పట్టా వేశారు. నేను అది చూసి ముచ్చటపడి, కంప్యూటరులో ప్రతి దారికీ మధ్యలో ఇంకో గీత చేర్చి, యార్డు అయిపోయిందనుకున్నాను. నేను డబ్బు పెట్టి కొన్న ఆ ప్లానింగ్ సాఫ్ట్‌వేర్‌లో మూడు పట్టాల పాయింట్లు, అంటే దారి రెండుగా చీలే చోట వేసే కదిలే పట్టాలు, అనేవే లేవు. తప్పు గీసినా అది ఒక్క హెచ్చరిక ఇవ్వలేదు. వంపు కాస్త బిగుతైతే ఎర్ర గీత చూపించే ఆ సాఫ్ట్‌వేర్, బండి అసలు వెళ్లలేని దారిని పచ్చగా చూపించింది. దాన్ని నమ్ముకోవద్దని ఖండితంగా చెబుతున్నాను.

ఆ ప్లానును నాలుగు అడుగుల కాగితం మీద అచ్చు తీయించి, మా ప్రాంతంలోని ఒక నమూనా రైళ్ల క్లబ్బుకు తీసుకెళ్లాను. దాదాపు ఇరవై మంది ఉన్నారు. అందరూ నాకంటే పెద్దవాళ్లు, కొందరు రైల్వేలో పనిచేసి రిటైరైనవారు. వారిలో ఒక పెద్దాయన వచ్చి కాగితం మీదికి వంగి, జేబులోంచి పెన్సిలు తీసి, రాబర్ట్స్‌డేల్ నుంచి వచ్చే దారి మీద మొన ఆనించారు. మెల్లగా పట్టా వెంబడే జరుపుతూ యార్డులోకి వచ్చి, పెద్ద లైను పక్కన ఆగి, "మీ బొగ్గు ఇక్కడిదాకా వచ్చింది, ఇక్కడి నుంచి పెద్ద బండిలోకి ఎలా ఎక్కుతుంది?" అని అడిగారు. నా దగ్గర జవాబు లేదు. నా ప్లానులో రెండు గేజిల బళ్లు పక్కపక్కన నిలబడి ఉన్నాయి, అంతే. తర్వాత ఆయన పెన్సిలును వెనక్కి, చిన్న లైను యార్డు నుంచి విడిపోయే చోటికి తెచ్చారు. "ఇందులో ఉమ్మడి పట్టా ఏది?" అని అడిగారు. కుడి వైపుది అన్నాను. నేను గీసిన చిన్న లైనేమో ఎడమకు తిరుగుతోంది. ఆయన చక్రం వెళ్లే దారినే అనుసరించి పెన్సిలును ఎడమకు జరిపేసరికి, అది పెద్ద గేజి పట్టాకు అడ్డం వచ్చి ఆగిపోయింది. అక్కడ దాటే ఏర్పాటు నేను గీయలేదు. "మీ రైలు ఇక్కడ పడిపోతుంది" అన్నారు. వెనక నుంచి ఎవరో నవ్వారు. క్లబ్బు వ్యవహారాలు చూసే మరొకాయన, కొత్తవాళ్లు ముందు రెడీమేడ్ పట్టాలతో గుండ్రంగా ఒక దారి వేసుకుంటే మంచిదని అందరికీ వినిపించేలా సలహా ఇచ్చారు. నేను కాగితం చుట్టుకుని వచ్చేశాను. ఆ గంటన్నర ఇప్పటికీ తలచుకుంటే చెవులు వేడెక్కుతాయి.

పెన్సిలు పెట్టిన పెద్దాయన మీద నాకు ఏ కోపమూ లేదు. ఆయన అడిగిన రెండు ప్రశ్నలే నా ప్లానును నిలబెట్టాయి. కానీ, నేర్చుకోవాలని వచ్చిన మనిషిని నలుగురి ముందు నవ్వి పంపే క్లబ్బు, పిల్లలు ఈ అభిరుచి వైపు రావడం లేదని బాధపడటానికి అర్హత లేనిదని నా అభిప్రాయం. అక్కడికి నేను మళ్లీ వెళ్లలేదు. మీరు మీ ప్లాను చూపించాలనుకుంటే క్లబ్బు సభలో పరచవద్దు, తెలిసిన ఒక్కరిని ఇంటికి పిలిచి భోజనం పెట్టి చూపించండి.

తర్వాతి నెలలన్నీ ఆ రెండు ప్రశ్నల చుట్టూ తిరిగాయి. మొదట పట్టాల సంగతి తేల్చుకున్నాను. కంప్యూటరు మూసేసి, ఒక చెక్క మీద మేకులు కొట్టి, మా ఆవిడ కుట్టు మిషను పెట్టెలోంచి మూడు రంగుల దారాలు తెచ్చి కట్టాను. ఉమ్మడి పట్టాకు ఎరుపు, చిన్న గేజి రెండో పట్టాకు తెలుపు, పెద్ద గేజి రెండో పట్టాకు నలుపు. పెద్ద లైను నేరుగా పోతున్నప్పుడు చిన్న లైను ఎరుపు ఉన్న వైపునకే తిరిగితే, తెల్ల దారం ఎర్ర దారాన్ని ఒక్కసారి దాటుతుంది, అంటే ఒక్క క్రాసింగ్‌తో సరిపోతుంది. అదే రెండో వైపునకు తిరిగితే, తెల్లదీ, ఎరుపు నుంచి విడివడిన పట్టా కూడా నల్లదాన్ని దాటాలి. అప్పుడు రెండు క్రాసింగ్‌లు కావాలి. సాఫ్ట్‌వేర్ ముందు వారాల తరబడి కూర్చున్నా నాకు తట్టని సంగతి, దారం కట్టిన పావుగంటలో కంటికి కనబడింది. పాత ఫోటోల్లో ఉమ్మడి పట్టా ఏ దారికి ఏ వైపున ఉందో ఒక్కొక్కటే గుర్తు పెట్టుకుని, యార్డును మొదటి నుంచి మళ్లీ గీశాను.

అప్పుడు మరో చిక్కు బయటపడింది. ఒక పట్టా ఉమ్మడి కావడం వల్ల చిన్న బండి నడిమి గీత, పెద్ద బండి నడిమి గీత ఒకచోట ఉండవు. అసలు రైల్లో ఆ తేడా 10 అంగుళాల పైచిలుకు. మన స్కేలులో గేజిలు 16.5, 10.5 మిల్లీమీటర్లు కాబట్టి తేడా 3 మిల్లీమీటర్లు. వినడానికి చిన్నదే గానీ, 3 మిల్లీమీటర్లు పక్కకు తప్పితే బళ్లను కలిపే కొక్కేలు, అంటే కప్లింగులు, ఒకదాన్నొకటి అందుకోవు. అట్టతో ఒక ఇంజను, ఒక బొగ్గు బండి కత్తిరించి పట్టాల మీద పెట్టి చూసుకున్నాను. కొలరాడోలో డెన్వర్ అండ్ రియో గ్రాండ్ వెస్టర్న్ వారు అలమోసా దగ్గరి మూడు పట్టాల దారిలో ఇంజనుకూ రెండో గేజి బళ్లకూ మధ్య ఐడ్లర్ అనే బండిని తగిలించేవారు, దానికి రెండు గేజిల కప్లింగులూ ఉండేవి. నా యార్డులోనూ ఒక పొట్టి బండికి పక్కపక్కన రెండు కప్లింగులు పెట్టాలని నిర్ణయించి, అది నిలబడటానికి ఒక చిన్న దారి ప్లానులో చేర్చాను.

ఇక బొగ్గు సంగతి. మౌంట్ యూనియన్‌లో బొగ్గును శుభ్రం చేసే కర్మాగారం ఉండేది. చిన్న బళ్లలో వచ్చిన బొగ్గు అందులో దిగి, కడిగి, జల్లెడ పట్టాక పెన్సిల్వేనియా రైల్‌రోడ్ బళ్లలో పడేది. రెండు గేజిల మధ్య అసలైన వంతెన ఆ భవనమే. నేను దాన్ని ఒక అలంకారం అనుకుని ఏడంగుళాల జాగా ఇచ్చి ఉన్నాను. ఇప్పుడు దానికి 40 అంగుళాలు ఇచ్చి, ఒక పక్క చిన్న గేజి దారులు రెండు, రెండో పక్క పెద్ద గేజి దారులు మూడు వేశాను. నిండు బండి ఒక పక్క వచ్చి ఖాళీగా తిరిగి వెళుతుంది, రెండో పక్క ఖాళీ బండి వచ్చి నిండి వెళుతుంది. ఈ ఒక్క మార్పుతో ప్లానులోని ప్రతి దారికీ పని దొరికింది.

బొగ్గు కాని సరుకుకు అక్కడ ఇంకా గొప్ప ఏర్పాటు ఉండేది. దుంగలు ఎత్తడానికి కట్టిన పెద్ద క్రేను కిందికి పెద్ద గేజి బండిని తెచ్చి, దాని ఒక కొస పైకి లేపి, కింద ఉన్న పెద్ద గేజి బోగీని దొర్లించేసి, చిన్న గేజి బోగీని తోసి దించేవారు. తర్వాత రెండో కొస. ఇక్కడ బోగీ అంటే మనం వాడుకలో అనే రైలు పెట్టె కాదు, పెట్టె కింద చక్రాలుండే చట్రం. ఇలా కాళ్లు మార్చుకున్న పెద్ద బండి మూడడుగుల దారిలో ఊగుతూ పల్లెలకు పోయేది, అందులోని సరుకును దించి ఎక్కించే పని తప్పేది. నౌపడలో సంచులు మోసిన నాకు, ఈ ఏర్పాటు గురించి చదివిన రాత్రి నిద్ర పట్టలేదు. ప్లానులో ఆ క్రేనుకు 14 అంగుళాల తిన్నని దారి కేటాయించాను. నాలుగు పెట్టెలకు బోగీలను స్క్రూలతో కాకుండా ఊడదీయడానికి వీలైన పుల్లలతో బిగిస్తాను.

మూడు పట్టాల పాయింట్లు రెడీమేడ్‌గా దొరికేవి ఒకటి రెండు రకాలే. ఒక దుకాణం నుంచి తెప్పిస్తే ఎడమకు చీలే ఎడమ చేతిది అడిగితే కుడి చేతిది వచ్చింది. పెట్టె తెరిచారు కాబట్టి వెనక్కి తీసుకునేది లేదన్నారు. తెరవకుండా ఏ చేతిదో ఎలా తెలుస్తుందని అడిగితే జవాబు లేదు. అందుకని పాయింట్లన్నీ చేత్తోనే చేసుకోవాలని నిర్ణయించాను. ప్లానును అసలు కొలతలో అచ్చు తీసి, దాని మీదే పట్టాలు పరిచి టంకం వేస్తే సరిపోతుంది. ఇరవై నాలుగేళ్లుగా కంప్యూటరు ముందు కూర్చున్న వేళ్లతో మొదటి పాయింటు చేయడానికి మూడు ఆదివారాలు పట్టింది. చక్రం అంచు ఎక్కడా తట్టుకోకుండా అది తయారైందని గర్వంగానే చెబుతున్నాను.

నిన్న రాత్రి ఆ పాయింటును ప్లాను మీద దాని చోటులో ఉంచి, పెద్ద గేజి బండిని వేలితో తోశాను. నేరుగా వెళ్లింది. పాయింటు మార్చి, చిన్న గేజి బొగ్గు బండిని తోశాను. ఉమ్మడి పట్టా వైపునకు తిరిగి, క్రాసింగ్ మీద చిన్న చప్పుడు చేసి, రాక్‌హిల్ ఫర్నెస్ దారి పట్టింది. పెన్సిలు ఆగిపోయిన చోటు అదే. మా అబ్బాయిని నిద్ర లేపి ఇంకోసారి తోయించాను. తర్వాత కాగితం అడుగున తేదీ వేసి, మౌంట్ యూనియన్ అని తెలుగులో రాశాను. ప్లైవుడ్ శనివారం వస్తుంది.