ఎప్పుడొచ్చినారు, ఎప్పుడెలిపోతారు

శ్రీకాకుళం జిల్లా ఉద్దానం ప్రాంతంలో, కవిటి దగ్గర మా అత్తగారి ఊళ్లో పగటిపూట వీధి తలుపు మూసి ఉంటే ఆ ఇంట్లో ఎవరికో ఒంట్లో బాగోలేదని అర్థం. పధ్నాలుగేళ్ల మా అమ్మాయేమో వెళ్లగానే గదిలో తలుపేసుకుని పుస్తకం పట్టుకుంటుంది. అరగంటకోసారి ఎవరో ఒకరు తలుపు తోస్తారు. "ఏటమ్మా, కూడు తిన్నావా? జొరమేటైనా ఉందేటి?" అని నుదుటి మీద చెయ్యి పెట్టి చూసి వెళ్తారు. పిల్ల మొహం చూడాలి అప్పుడు.

మా బంధువులు దీన్ని అమెరికా పెంపకం అంటారు. నేను మాత్రం చలి పెంపకం అంటాను. మేముండే మినియాపోలిస్‌లో జనవరిలో మైనస్ 25 డిగ్రీలు పెద్ద వింతేం కాదు. అక్కడ తలుపు తెరిచి ఉంచితే ఇల్లు గడ్డ కట్టుకుపోతుంది. బయటికి వెళ్లాలంటే బూట్లు, గ్లౌజులు, కారులో ఒక దుప్పటి, ఒక పార. అంత తతంగం ఉన్నచోట ఎవరింటికైనా ఫోన్ చేయకుండా వెళ్లడం వాళ్లని ఇబ్బంది పెట్టడమే. ఉద్దానంలో కొబ్బరి నీడ ఉంది, అరుగుంది, సముద్రపు గాలి ఉంది, ఇంట్లోనేమో ఉక్క. మనుషులు అరుగుల మీద కాక ఎక్కడుంటారు? ఎదురింటి కూరేంటో అందరికీ తెలిసిపోవడంలో మన మంచితనం కంటే ఆ ఉక్క వాటాయే ఎక్కువేమో.

అలాగని చలిదేశం వాళ్లు ముభావంగా ఉంటారంటే ఒప్పుకోను. మంచు ఆగిన 24 గంటల్లో ఇంటిముందు కాలిబాట శుభ్రం చెయ్యాలని అక్కడ నగరపాలక నిబంధన. మా పక్కింటి పెద్దాయన తన మెషిన్‌తో మాది కూడా ఊడ్చేసి, థాంక్స్ చెప్పేలోగా లోపలికి వెళ్లిపోతాడు. ఊళ్లో గాలివాన తర్వాత గొడ్డళ్లు పట్టుకుని అందరూ వచ్చి రోడ్డుకి అడ్డంగా పడ్డ చెట్లు నరుకుతారు. కాకపోతే మనవాళ్లు సాయం చేశాక వెళ్లిపోరు. అరుగు మీద కూర్చుని టీ తాగి, చెట్టు అక్కడ ఎందుకు పెట్టావని నాలుగు తిట్టి మరీ వెళ్తారు.

2018 అక్టోబరు 11న తిత్లీ తుఫాను పలాస దగ్గర తీరం దాటినప్పుడు ఉద్దానంలో కొబ్బరి చెట్లు లక్షల్లో పడిపోయాయి. జీడితోటలూ పోయాయి. మామగారి తోటలో నిలబడ్డవి వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. కొబ్బరి మొక్క కాపుకి రావడానికి ఆరేడేళ్లు పడుతుంది. అయినా ఆయన మళ్లీ కొబ్బరే పెట్టారు. "మళ్లీ తుఫాను వస్తే?" అని అడిగింది మా అమ్మాయి. "వస్తాది. రాకుండా ఎక్కడికి పోద్ది?" అన్నారాయన. ఆ జవాబు పిల్లకి నచ్చలేదు. ఇన్సూరెన్స్ గురించి చాలాసేపు వాదించింది. వాదన సబబే, ఆయన విన్నారు కూడా. శ్రీకాకుళం వాళ్లు అమాయకులు అనేవాళ్లని చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. మళ్లీ పడొచ్చని తెలిసీ ఆ వయసులో గొయ్యి తవ్వి మొక్క పెట్టే మనిషిని ఇంకేమైనా అనండి, అమాయకుడనకండి.

పిల్లలకి మేం చూపించే ఊరు సగమే, దానికి కారణం స్కూలు సెలవులు. వాళ్లకి తెలిసిన ఉద్దానమంతా జూన్, జూలై. అంటే పనసపండు, కరెంటు కోత, చెమట, మొదటి వాన. దసరా వెళ్లాక వచ్చే మంగళవారం విజయనగరంలో జరిగే పైడితల్లి అమ్మవారి సిరిమాను ఉత్సవం చూడలేదు. సంక్రాంతి చలిమంటలు చూడలేదు. పొద్దున్నే చోడి (రాగి) అంబలి ఇస్తే మా తొమ్మిదేళ్లవాడు ముక్కు మూసుకున్నాడు. కానీ మధ్యాహ్నం దాకా ఎండలో తిరిగొచ్చి, ఎవరూ చెప్పకుండానే రెండు గ్లాసులు తాగాడు. నేను నోరు మూసుకుని ఊరుకున్నాను. కన్నవాళ్లకి అదే కష్టం.

వాడికి ఇంకో ఫిర్యాదు ఉండేది. వీధిలో ఎవరు కనబడినా రెండే ప్రశ్నలు: "ఎప్పుడొచ్చినారు? ఎప్పుడెలిపోతారు?" రెండోది వాడికి పొమ్మన్నట్టు వినిపించేది. వానని నమ్ముకున్న ఇసుకనేల అందర్నీ పోషించలేదు కదా. అందుకే ఏ ఇంట్లో చూసినా ఒకరు చెన్నైలోనో, హైదరాబాదులో కట్టడం పనుల్లోనో, గల్ఫ్‌లోనో ఉంటారు. తీరం ఊళ్ల నుంచి చేపల వేటకి గుజరాత్‌లోని వెరావల్ దాకా పోతారు. సెలవు ఎన్నాళ్లో తెలిస్తేనే ఏ రోజు భోజనానికి పిలవాలో తేలుతుంది. మేం పోయింది ఇంకాస్త దూరం, అంతే. వాడికి అలాగే చెప్పాను.

ఎంత అర్థమైందో గానీ, ఆ తర్వాత ఎవరు ఎదురైనా అడగకముందే "పద్దెనిమిదో తారీకున ఎలిపోతాం" అని చెప్పేసేవాడు. ఫలితం, ఒకే మధ్యాహ్నానికి మూడిళ్లలో భోజనాలు ఒప్పుకుని వచ్చాడు. మా అత్తగారు ఇద్దరికి కబురుపెట్టి రోజు మార్పించారు. మూడో ఇంటివాళ్లు కోడిని కోసేశారట, తప్పలేదు.